రాదన్న భాష

ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరేటప్పుడు నింపిన కాగితంలో, ఇంగ్లీషు కాక ఇంకే భాషలు వచ్చునో రాయమన్న గడి ఒకటి ఉంది. డెల్ఫినా త్రెవీన్యో ఆ గడిలో "ఏదీ రాదు" అని రాసింది. రాసేటప్పుడు అది అబద్ధమనిపించలేదు ఆమెకు. సగం నిజమే మరి. స్పానిష్ వింటే అంతా అర్థమయ్యేది. నోరు తెరిస్తే మాత్రం మాట తడబడేది.

ఆ తడబాటు కోరి తెచ్చిపెట్టినది ఆమె తండ్రి. ఆయన పేరు సిరిలో. ఆయన చిన్నప్పుడు బడి ఆవరణలో స్పానిష్ మాట వినపడితే హెడ్‌మాస్టరు చెక్కతో కొట్టేవాడు. ఆయన మూడో తరగతిలో ఉండగా, తోటివాణ్ణి బంతి ఇటు విసరమని అరిచినందుకు ఏడు దెబ్బలు తిన్నాడు. ఇల్లు చేరేదాకా కూర్చోలేకపోయాడు. కూతురు పుట్టిన రోజే నిశ్చయించుకున్నాడు, ఈ పిల్ల ఒంటిమీద ఆ చెక్క పడకూడదని. జిన్నింగ్ మిల్లులో నేర్చుకున్న వచ్చీరాని ఇంగ్లీషులోనే ఆమెతో మాట్లాడేవాడు. తల్లి లేని ఆ ఇంట్లో డెల్ఫినాను పెంచింది నానమ్మ అంపారో. ఆవిడకు స్పానిష్ తప్ప ఇంకో ముక్క రాదు. ఆవిడ స్పానిష్‌లో అడిగేది, మనవరాలు ఇంగ్లీషులో జవాబు చెప్పేది. రొట్టెలు కాలుస్తూ, చిక్కుడు గింజలు ఏరుతూ ఇద్దరూ అలాగే ఏళ్లు గడిపేశారు.

పద్నాలుగో ఏట తండ్రి ఆమెను సరిహద్దు దాటించి మెక్సికోలోని సాల్టిల్లోలో బాబాయి ఇంటికి తీసుకువెళ్లాడు. భోజనాల దగ్గర తనంతట తాను ఒక వాక్యం కూడబలుక్కుని అన్నది. బల్ల చుట్టూ ఉన్న పిల్లలంతా పొట్ట పట్టుకుని నవ్వారు. "మళ్లీ అను, మళ్లీ అను" అని వెంటపడ్డారు. "పోచా" అన్నాడు పెద్దవాడు. మాగిపోయి రంగు చెడ్డ పండును అనే మాట అది. అమెరికాలో పెరిగి స్పానిష్ సరిగ్గా రానివాళ్లను అలా వెక్కిరిస్తారు. అక్కడున్న మిగతా తొమ్మిది రోజులూ డెల్ఫినా తల ఊపడంతోనే సరిపెట్టింది. తిరిగొచ్చాక ఇక ఆ భాష ఊసెత్తలేదు.

టెక్సస్ ఎగువ మైదానాల్లో, చుట్టూ పత్తి చేలున్న ఊరు అది. ఆసుపత్రిలో ఆమె రోగుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చునేది. అక్కడ అందరూ ఆమెను డెల్లా అనేవారు. పెద్ద నర్సు వెరా హ్యాచర్ ఒకరోజు ఆమె చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంది.

"మీ పూర్వీకులు స్పెయిన్ వాళ్లయి ఉంటారు. అవునా? ఈ రంగు ఇక్కడి మెక్సికన్లకెక్కడిది!"

డెల్ఫినా చిన్నగా నవ్వి ఊరుకుంది. ఆ నవ్వునే అందరూ అవుననుకున్నారు.

అది 1971 జులై. ఉదయం పదకొండు కావస్తుండగా ఒక పాత ట్రక్కు ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఇద్దరు కూలీలు ఒక మనిషిని మోసుకొచ్చి లోపల బల్ల మీద పడుకోబెట్టారు. పేరు ఎవరిస్తో రోబ్లెదో. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. నోటి వెంట చొంగ ధారగా కారుతోంది. చెంపల కింద కండరాలు పురుగులు పాకుతున్నట్టు అదురుతున్నాయి. అతని వెనకే భార్య ఒతిలియా పరుగున వచ్చింది. చేతిలో కలుపు తీసే పార అలాగే ఉంది. దాన్ని ఎక్కడో వదిలెయ్యాలన్న ధ్యాస కూడా లేదు ఆమెకు.

వాళ్లతో పాటు లోపలికి వెల్లుల్లి వాసన గుప్పున వచ్చింది. ఒక నర్సు ముక్కు మూసుకుని మొహం తిప్పుకుంది.

"విమానం!" అంది ఒతిలియా స్పానిష్‌లో, ఎవరి మొహం కనబడితే వాళ్లవైపు తిరిగి. "మేం చేలో ఉండగానే విమానం వచ్చింది. మా నెత్తిమీదే మందు కొట్టింది. ఈయన నిలువునా తడిసిపోయాడు. చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, ఆపరా బాబూ ఆపరా అని. అయినా ఇంకోసారి తిరిగొచ్చింది!"

పదిహేనడుగుల దూరంలో తన బల్ల వెనక కూర్చున్న డెల్ఫినా చెవిలో ప్రతి మాటా పడింది. ప్రతి మాటా అర్థమైంది.

డాక్టర్ లాంబర్ట్ ఆ ఊరికి కొత్త. తూర్పు రాష్ట్రాల నుంచి వచ్చి నాలుగు నెలలైంది. "ఏమంటోంది ఈవిడ?" అన్నాడు.

మోసుకొచ్చిన కూలీలకు ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు వచ్చిన మేస్త్రీ చేలోనే ఉండిపోయాడు. ఎప్పుడూ రెండు మాటలు చెప్పిపెట్టే, నేల తుడిచే ఆవిడ ఆ రోజు సెలవులో ఉంది.

"ఇక్కడెవరికైనా స్పానిష్ వచ్చా?"

వెరా హ్యాచర్ చూపు గదంతా తిరిగి డెల్ఫినా మీద ఆగింది. "డెల్లా, నీకేమైనా..." అని, తన మాటకు తనే నొచ్చుకున్నట్టు, "అబ్బే, నీకెలా వస్తుందిలే" అంది.

"రాదు" అంది డెల్ఫినా.

ఒక్క మాట. అది అనడానికి ఆమె గొంతు తడబడలేదు.

"ఎండదెబ్బ" అన్నాడు డాక్టరు. "నిన్నటి నుంచి ఇది మూడోది. తాగి కూడా ఉన్నట్టున్నాడు. ఐసు తెండి."

తడిసిన చొక్కా మీదే ఐసు పరిచారు. ఒతిలియాను బయటికి పంపించారు. ఆమె తలుపుకూ బెంచీకీ మధ్య తిరుగుతూ, ఎవరు బయటికొచ్చినా వాళ్లకు అదే మాట చెబుతోంది. విమానం. మందు. వాళ్లు ఆమె భుజం తట్టి దాటిపోతున్నారు. డెల్ఫినా ముందు ఒక కాగితం ఉంది. దానిమీద పేరు, ఊరు, వయసు రాయాలి. ఆమె కలం కదలడం లేదు. ఇప్పుడు లేచి చెబితే ఇందాక రాదన్న మాట ఏమవుతుంది? చెప్పబోయి తప్పు మాట వాడితే? డాక్టరుకే తెలుస్తుందిలే, చదువుకున్నవాడు కదా. ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం. అలా ఐదేసి నిమిషాలు పదిసార్లు గడిచాయి.

ఒతిలియా చివరికి ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. బల్ల మీది పేరు పలక చూసి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

"త్రె... వీన్యో. నువ్వు త్రెవీన్యోవా తల్లీ? మన పిల్లవేనా?"

డెల్ఫినా తలెత్తింది. ఒతిలియా కళ్ల వెంట నీళ్లు ఆగకుండా కారుతున్నాయి. అది ఏడుపు కాదు. మూతి తుడుచుకుంటున్న ఆ చెయ్యి వణుకుతోంది. ఆమె తలకు కట్టుకున్న గుడ్డ ఇంకా తడిగానే ఉంది.

"పిల్లలు కూడా తడిశారు" అంది ఒతిలియా నీరసంగా. "ట్రక్కులో ఉన్నారు. చిన్నది వాంతి చేసుకుంటోంది."

"ఎక్కడ?" అంది డెల్ఫినా. "పిల్లలు ఎక్కడ?"

ఆ ముక్క నోట్లోంచి స్పానిష్‌లో వచ్చింది. వెరా హ్యాచర్ వెనక్కి తిరిగి చూసింది.

డెల్ఫినా లేచి నిలబడింది. "విమానం... మీద... నీళ్లు పోశాడా?"

"పొయ్యడం కాదమ్మా, కొట్టాడు. నీళ్లు కాదు, పురుగుమందు. పత్తికి కొట్టేది!"

డెల్ఫినా పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్లింది. "డాక్టర్, ఎండదెబ్బ కాదు. విమానంతో వీళ్ల మీద పురుగుమందు కొట్టారు. ఆవిడ మొదటినుంచీ అదే చెబుతోంది."

లాంబర్ట్ ఎవరిస్తో కనురెప్ప ఎత్తి చూశాడు. కంటిపాప సూదిమొనంత ఉంది, పురుగుమందు ఒంట్లోకి వెళ్లిందనడానికి గుర్తు. ఆ వెల్లుల్లి వాసన కూడా దానిదే. ఆ ముప్పై ఏళ్ల కుర్రడాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఆపైన అంతా ఒక్కసారిగా జరిగింది. బట్టలు కత్తిరించి పారేశారు. విరుగుడు సూదులు ఒకటి తర్వాత ఒకటి పొడిచారు. ఒతిలియానూ, ట్రక్కులోని ముగ్గురు పిల్లల్నీ లోపలికి తెచ్చి సబ్బుతో మళ్లీ మళ్లీ కడిగారు. మాట మాటకూ డెల్ఫినా కావలసి వచ్చింది. తనకు తెలియని మాట వచ్చినప్పుడల్లా చేతులతో చూపించింది. తప్పు మాట అన్నప్పుడల్లా ఒతిలియా దిద్దింది. ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం ఎవరిస్తోకు రెండుసార్లు ఊపిరి ఆగింది. రెండుసార్లూ తిరిగి వచ్చింది.

మూడో రోజుకు పిల్లలు తేరుకున్నారు. ఎవరిస్తోకు మాత్రం తెలివి వస్తూ పోతూ ఉంది. ఒతిలియా వసారాలో బెంచీ మీద కూర్చుని ఉంటే డెల్ఫినా కాఫీ తెచ్చి ఇచ్చింది. ఒతిలియా రెండు చేతులతో ఆ కప్పు అందుకుంది.

"దేవుడే నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు తల్లీ. నువ్వు లేకపోతే మా బతుకేమయ్యేదో."

ఆ మాట భరించలేకపోయింది డెల్ఫినా. బెంచీకి ఇంకో కొసన కూర్చుంది.

"నాకు ముందే తెలుసు" అంది తన వంకర స్పానిష్‌లో. "మీరు వచ్చినప్పుడే... విన్నాను. విమానం అని. అర్థమైంది. వాళ్లు అడిగారు. రాదు అన్నాను."

ఒతిలియా కప్పు నేలమీద పెట్టింది. "ఎంతసేపు?"

"యాభై నిమిషాలు."

"ఎందుకు?"

"సిగ్గేసింది."

"మమ్మల్ని చూసా?"

డెల్ఫినా అవునన్నట్టు, కాదన్నట్టు తల ఆడించింది. "మిమ్మల్ని చూసి. నా మాట చూసుకుని కూడా. వాళ్లకు నేనెవరో తెలిసిపోతుందని. మీకు నేను సరిగ్గా మాట్లాడలేనని తెలిసిపోతుందని."

ఒతిలియా ఎదుటి గోడవైపు తిరిగింది.

"నేనెక్కడ పుట్టాననుకున్నావు?" అంది. "వెస్లాకోలో. ఈ టెక్సస్‌లోనే. మా నాన్నా ఇక్కడే పుట్టాడు. ఇంగ్లీషులో విమానాన్ని ఏమంటారో నాకూ తెలుసు. విషాన్ని ఏమంటారో కూడా తెలుసు. డబ్బాల మీద పుర్రె బొమ్మ కింద రాసి ఉంటుందిగా. ఆ డాక్టరు ముందు తప్పు పలికితే నవ్వుతారని నోరు రాలేదు. ఆ రెండు మాటలు నేననలేకపోయాను." డెల్ఫినా వైపు తిరిగింది. "కానీ చూడు పిల్లా. నేను సిగ్గుపడుతూనే ఆ గుమ్మం చుట్టూ పిచ్చిదానిలా తిరిగాను. నువ్వు సిగ్గుపడి కుర్చీలో కూర్చున్నావు."

డెల్ఫినా బెంచీ మీంచి లేచింది.

"కాఫీ తీసుకుపో" అంది ఒతిలియా. "ఆయన లేచి కూర్చున్నాక చూద్దాం."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి తండ్రికి జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో చెప్పింది. సిరిలో భోజనం మధ్యలో చెయ్యి ఆపేశాడు. మిల్లులో పనిచేసి పనిచేసి ఆ చేతివేళ్ల సందుల్లో పత్తి నూగు ఎప్పుడూ ఉండేది.

"చెక్క నీకు తగలకూడదనుకున్నాను. తగల్లేదనే అనుకున్నాను ఇన్నేళ్లూ" అన్నాడు.

"నువ్వేం చేస్తావు నాన్నా."

"నేనే చేశాను. వాళ్లు నా నోరు మూయించారు, నేను నీ నోరు మూయించాను. కాకపోతే నేను ప్రేమతో చేశాను. తేడా ఏముంది?"

పొయ్యి దగ్గరున్న నానమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమైందే? వాడెందుకలా ఉన్నాడు? ఎవరైనా పోయారా?" అని స్పానిష్‌లో అడిగింది.

సిరిలో చెప్పబోతే డెల్ఫినా ఆపింది. కుర్చీ తిప్పి నానమ్మ వైపు కూర్చుని తనే మొదలుపెట్టింది. మొదటి వాక్యంలోనే ఒక మాట దొరక్క ఆగిపోయింది. "ఎలా అంటారో తెలీదు నానమ్మా. తప్పులొస్తాయి."

"రానీ. తప్పులు తర్వాత చూసుకుందాం, ముందు నువ్వు చెప్పు" అంది అంపారో. పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని ఎదురుగా వచ్చి కూర్చుంది.

పావుగంటలో చెప్పాల్సిన సంగతికి గంటన్నర పట్టింది. విని, ఆ ముసలావిడ ఓదార్పు మాటలేమీ అనలేదు. "రేపు వాళ్లకు పులుసు వండి పంపిస్తాను, పట్టుకెళ్లు" అని మాత్రం అంది.

పదకొండో రోజు ఎవరిస్తో లేచి కూర్చున్నాడు. ప్రాణం దక్కింది కానీ చేతుల వణుకు పోలేదు. పార పట్టుకుంటే జారిపోయేది. కుటుంబం తిరిగి దక్షిణానికి, వెస్లాకోకు వెళ్లిపోయింది.

అక్టోబరులో, కూలీల తరఫున ఒక లాయరు పట్టుబట్టడంతో, కోర్టు భవనంలోని చిన్న హాల్లో విచారణ జరిగింది. మందు చల్లేటప్పుడు చేలో మనుషులెవరూ లేరని విమానం కంపెనీ వాదన. అది నిలబడాలంటే ఒతిలియా తర్వాత కథ అల్లిందని తేలాలి. మొదటి నిమిషం నుంచీ ఆమె ఆ మాటే చెప్పిందనడానికి, కూలీలు కాక ఆ మాట అర్థమైన బయటి సాక్షి డెల్ఫినా ఒక్కతే. అంటే ఆ యాభై నిమిషాల సంగతి అందరి ముందూ చెప్పుకోవాలి. వెరా హ్యాచర్ రెండో వరసలో కూర్చుని ఉంది. లాంబర్ట్ వచ్చాడు. సిరిలో తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

కంపెనీ లాయరు మర్యాదస్తుడు. గొంతు పెంచలేదు.

"మిస్ త్రెవీన్యో, ఉద్యోగంలో చేరినప్పుడు మీకు స్పానిష్ రాదని రాశారు. ఆ రోజు అందరి ముందూ రాదన్నారు. ఈ రోజు వచ్చంటున్నారు. ఏది నిజం?"

"వచ్చు. ఆ రెండుసార్లూ అబద్ధం చెప్పాను."

"అబద్ధం చెప్పే అలవాటున్న మనిషిని మేమెందుకు నమ్మాలి?"

"ఇందులో నాకు మంచి పేరు వచ్చేదేమీ లేదు కాబట్టి."

హాల్లో చిన్న కలకలం రేగింది. లాయరు కాగితాలు సర్దుకున్నాడు. "మీ మీద నాకే కోపమూ లేదు. కానీ మీ మొగ్గు ఎటో అందరికీ తెలియాలి కదా. ఆసుపత్రిలో మిమ్మల్ని డెల్లా అంటారు. అక్కడ ఎవరికీ మీరు మెక్సికన్ అని తెలియదు. మరి ఇంతకీ మీరు అమెరికనా, మెక్సికనా?"

డెల్ఫినా హాలు వైపు చూసింది. మూడో వరసలో తండ్రి కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు, బడిలో తన పేరు పిలుస్తారేమోనని బెదిరిన పిల్లవాడిలా.

"మెక్సికన్ అమెరికన్‌ని" అంది. "నా పేరు డెల్ఫినా. ఇంగ్లీషు మా నాన్న నేర్పాడు, స్పానిష్ మా నానమ్మ నేర్పింది. రెంటిలో ఏ ఒక్కదాన్ని కాదనుకున్నా ఏం జరుగుతుందో జులైలో చూశాను. ఒక మనిషి చేతులు పనికి రాకుండా పోయాయి. నా మొగ్గు ఎటని అడిగారు. ఆ మనిషి వైపు."

లాయరు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

చేలో మనుషులుండగానే విమానం మందు చల్లిందని నివేదికలో రాశారు. పైలట్ లైసెన్సు ఆ ఏడాదికి ఆపేశారు. అంతకుమించి ఏమీ జరగలేదు. ఎవరిస్తో చేతులు బాగుచేసే తీర్పు ఎవరి దగ్గరా లేదు.

ఆసుపత్రిలో ఇద్దరు ముగ్గురు ఆమె పక్కన కూర్చుని భోంచెయ్యడం మానేశారు. వెరా హ్యాచర్ చాలా రోజులు ముభావంగా ఉండి, ఒకనాడు బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మొదట్లోనే చెప్పి ఉంటే నిన్ను మేం తక్కువగా చూసేవాళ్లమా?"

"చూసేవారు మిసెస్ హ్యాచర్" అంది డెల్ఫినా మెల్లగా.

వెరా కాదనబోయింది. బల్ల మీది పేరు పలక ఒకసారి చదువుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పూర్తి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది, కాస్త కష్టపడుతూ.

ఫిబ్రవరిలో వెస్లాకో నుంచి ఉత్తరం వచ్చింది. ఒతిలియా పెన్సిలుతో, స్పానిష్‌లో, కాగితం రెండు వైపులా రాసింది. డెల్ఫినా దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లింది. అంపారోకు చదవడం రాదు. డెల్ఫినాకు అక్షరాలు వచ్చు కానీ కొన్ని మాటలు తెలియవు. అందుకని మనవరాలు పైకి చదువుతుంటే, తెలియని మాట దగ్గర నానమ్మ అర్థం చెబుతూ, ఇద్దరూ కలిసి ఆ ఉత్తరం పూర్తి చేశారు.

ఎవరిస్తో ఇప్పుడు చెంచా పట్టుకోగలుగుతున్నాడట. సగం ఒలికినా తనే తింటాడట, ఇంకొకరు పెడితే ఒప్పుకోడట. పెద్దపిల్లను ఈ ఏడు చేలకు పంపకుండా బడిలోనే ఉంచారట. క్షమించానని ఎక్కడా రాయలేదు ఒతిలియా. కోపం ఉందని కూడా రాయలేదు. చివర్లో మాత్రం ఇలా ఉంది: "ఎప్పుడైనా ఇటు వస్తే ఇంటికి రా. ఆయన నిన్ను చూడాలంటున్నాడు. నేను మాత్రం ఇంకా ఏదీ తేల్చుకోలేదు. వస్తే మాత్రం మా ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడకు. నీ వంకర స్పానిష్‌లోనే మాట్లాడు."

"మళ్లీ చదువు" అంది నానమ్మ.

డెల్ఫినా మళ్లీ మొదటినుంచి చదివింది.